బ్రిటను పౌరసత్వము గోరు యువకులకు



బ్రిటను పౌరసత్వమును గోరు మన యువకులు అచ్చటి చరిత్రమును, ప్రభుత్వపద్ధతిని, ఆచారములను జదివి, 45 నిమిషములలో 24 ప్రశ్నలకు జవాబు లీయవలయును; 18 సరియైననే యుత్తీర్ణులు.

చదువుట మంచిదే. 1215 నాటి మాగ్నా కార్టాయు, 1689 నాటి హక్కుల శాసనమును రాజుల నిరంకుశత్వమునకు గళ్ళెము వేసిన విధము మనము తెలిసికొనదగినదే. కాని స్వదేశమున రాజును గట్టడి చేసిన యా జాతివారే 1798 సంధి మొదలు నిజాము సింహాసనమునకు దమ సైన్యమును గావలి యుంచిరి. ఆ నీడనే తెలంగాణమున వెట్టి వర్ధిల్లెను. మన యిబ్రహీంపట్నమును 1948 వఱకు నిజాము పాలనమందే యుండెను.

ఆ పరీక్షాగ్రంథముతో బాటు ఈ చరిత్రమును గూడ జదువుడు. పరదేశ పౌరసత్వమును స్వేచ్ఛగా గైకొన్నవారికి 1955 నాటి చట్టముచే భారత పౌరసత్వము తొలగును. విడుచుట మీ యిష్టము. విడుచుచున్న దేమో యెఱిగి విడువుడు.