నీలిరంగు మాత్రల లెక్క

 

పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను జిల్లా వైద్య అధికారుల శిక్షణ గురించి మాట్లాడతాను. అది హైదరాబాద్ వెంగళరావునగర్‌లో జరిగే సంగతి, వీర్నపల్లికి ఎందుకు అనుకోకండి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మా హాస్టల్ ఆడపిల్లలకు వారానికొకటి నీలిరంగు ఐరన్ మాత్ర ఇవ్వాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 'అందరికీ ఇచ్చాం' అని నెలనెలా రాసి పంపేదాన్ని. లెక్క నూటికి నూరు. ఒకరోజు స్నానాల గది వెనక ఊడ్పిస్తే చెత్తలో నీలి మాత్రలు! పొద్దున ప్రార్థనప్పుడు ఇచ్చేదాన్ని, నా సౌకర్యం కొద్దీ. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతోందని పిల్లలు పారేశారు. అప్పటికే ఒక పిల్ల మెట్లెక్కితే ఆయాసపడుతోంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు. వాళ్లమ్మ ముందు తల ఎత్తలేకపోయాను. ఇప్పుడు అన్నం తిన్నాక, నా కళ్ల ముందే మింగిస్తున్నాను.

నా తప్పు జిల్లాకు చేరేసరికి మంచి అంకె అయి కూర్చుంది. ఆ అంకెను అనుమానించడం అక్కడి అధికారికి ఎవరు నేర్పాలి? డాక్టరు చదువులో జబ్బు చూడటం నేర్పుతారు. మందుల నిల్వ, సిబ్బంది, బడ్జెట్టు, రిపోర్టులు చూసుకోవడం వేరే విద్య. జిల్లా ఆరోగ్య వ్యవస్థను బలపరచాలని 1987లోనే హరారేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమావేశం చెప్పింది. మన దగ్గర 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక జిల్లాలకు ప్రోగ్రాం మేనేజర్లు వచ్చారు. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి. కరీంనగర్ దాకా పోయే పని సిరిసిల్లలోనే అవుతోంది, మేలే. కానీ కుర్చీలు వచ్చినంత తొందరగా ఆ విద్య రాదు కదా.

ఇంకో చిక్కుంది. ఉపకేంద్రం మైదానంలో 5,000 మందికి ఒకటి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి. మన తండాలు గుట్టల నడుమ ఉన్నా ఏజెన్సీ కాదు. మగవాళ్లు గల్ఫ్‌లో, ఇళ్లలో ముసలివాళ్లు, పసిపిల్లలు. మ్యాపు చూసి భాగించే మేనేజరుకు ఇది కనిపించదు.

సంఘం పెద్దలకు నా మనవి: కలెక్టర్ గారికి ఇచ్చే వినతిపత్రంలో ఒక్క వాక్యం చేర్చండి. శిక్షణలో ఒక రోజు తండాలో పెట్టాలని, మన గోర్ భాష తెలిసినవాళ్లను వెంట ఉంచాలని. ఆ రోజు మా హాస్టల్ రిజిస్టర్ నేనే తెచ్చి ముందు పెడతాను.