గృహమందలి లేసు అల్లిక

(ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున కావ్యములను గూర్చియో, దేశభక్తులను గూర్చియో ప్రసంగించుట వాడుక. దారపుండను, కొంకి సూదిని ప్రసంగ విషయముగా గొనుట కొందఱికి వింతగా తోచవచ్చును. 1935లో పాతూరి నాగభూషణము గారు పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామముల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడపిరి. పుస్తకము కొఱకు జనులు రాలేనిచోటికి పుస్తకమే పోవలెనని ఆ పెద్దల తలంపు. ఆ పడవ మన తెనాలి ప్రాంతమునకు చేరువనే సాగినది. పని కొఱకు వాకిలి దాటలేని స్త్రీ యొద్దకు పనియే వచ్చిన వృత్తాంతము లేసు అల్లిక వృత్తాంతము. కావున గ్రంథాలయమున దీనిని చెప్పుకొనుట అసంగతము కాదు.

ముందుగా ఈ పని స్వరూపమెట్టిదో చూతము. మగ్గమునకు పడుగు, పేక యను రెండు నూళ్ళు కావలెను. ఉన్ని అల్లికకు రెండు సూదులు కావలెను. అందు వరుసలోని కుట్లన్నియు సూదిపైననే నిలిచియుండును. ఒకటి జాఱినచో క్రింది వరుసల దాక విడిపోవును. లేసు అల్లికకు కొస కొంకిగా వంగిన సూది యొకటి, దారమొకటి చాలును. ఏ క్షణమునందైనను సూదిపై నుండవలసినది ఒక్క ఉచ్చు మాత్రమే. పొయ్యిపై పాలు పొంగినను, ఉయ్యాలలో బిడ్డ యేడ్చినను, ఆ యుచ్చును కొంచెము పెద్దదిగా లాగి విడిచి లేవవచ్చును. మరల వచ్చి అచ్చటి నుండియే సాగింపవచ్చును. పొరపాటు పడినచో దారము లాగి అంతవరకు విప్పి, ఆ దారముతోనే మరల అల్లవచ్చును. గృహిణి దినచర్యకు ఇంతగా ఒదిగిన పని మఱియొకటి అరుదు. ఈ కుట్టును ఉన్నదున్నట్లు వేయు యంత్రము నేటికిని వాడుకలోనికి రాలేదు. అంగడిలో దొరకు యంత్రపు లేసు వేఱొక రీతి అల్లికతో దీని రూపమును మాత్రమే అనుకరించును.

వాత్స్యాయనుడు లెక్కించిన అరువదినాలుగు కళలలో సూచీవానకర్మ, సూత్రక్రీడ యను పేర్లు కలవు. వీనిని జూపి ఈ విద్యయు మన ప్రాచీనులదేయని పలుకువారు కలరు. ఆ మాట ప్రమాణమునకు నిలువదు. మొదటిది కుట్టుపనికి, రెండవది దారముతో చేయు వినోదములకు చెందినది. కొంకి సూదితో అల్లు నేటి పద్ధతి 19వ శతాబ్ది యారంభమున ఐరోపాలో కుదురుకొన్నది. ఆ శతాబ్ది మూడవ దశకమున హాలండు దేశపు ‘పెనెలోప్’ అను స్త్రీల పత్రికలో దీని నమూనాలు అచ్చయినవి. 1845 మొదలుకొని ఐర్లండులో బంగాళాదుంప పైరు తెగులుచే నశించి ఘోరమైన కఱవు సంభవించినపుడు, క్రైస్తవ సన్యాసినులు నేర్పిన ఈ యల్లిక అనేక కుటుంబములకు గంజి పోసినది. విక్టోరియా రాణి తన వార్ధకమున, 1900 ప్రాంతమున, దక్షిణాఫ్రికా యుద్ధమున పోరాడిన సైనికులకు బహూకరించుటకై మెడ వస్త్రములను తానే అల్లినది. పరదేశపు విద్య యగుటచే దీనికి వచ్చిన న్యూనత యేమియు లేదు. మిరపకాయయు పరదేశము నుండి వచ్చినదే. నేడు గుంటూరు పేరు చెప్పినంతనే లోకమునకు మిరపయే జ్ఞప్తికి వచ్చుచున్నది గదా!

తెలుగునేలపై ఈ విద్యకు పుట్టినిల్లు పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు దీనిని తెచ్చిరి. స్కాట్లండు నుండి వచ్చిన మెక్రే దంపతుల పేరును, 1844వ సంవత్సరమును ఈ సందర్భమున చెప్పుకొనుట కలదు. మొదట పేద క్రైస్తవ స్త్రీలు నేర్చిరి. పిమ్మట, పొలము పనికి పోవుట కుటుంబ మర్యాదకు తగదని తలచిన ఇండ్ల స్త్రీలును నేర్చిరి. నరసాపురము, పాలకొల్లు పరిసరముల పల్లెలలోను, కోనసీమలోను అరుగులపై కూర్చుండి అల్లిన బల్లగుడ్డలు, దిండు గలీబులు, దుప్పట్లు ఓడలపై దేశాంతరములకు పోయినవి. 2024లో నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ గుర్తింపు ఆ ప్రాంతమున తయారైన సరకునకు మాత్రమే చెల్లును. మన యింట అల్లిన దానిని ఆ పేరిట అమ్మరాదు. అల్లుకొనుటకును, ధరించుటకును మాత్రము ఎవరి యనుమతియు అక్కఱలేదు.

బల్లగుడ్డయు, దుప్పటియు నెలల తరబడి పట్టు పనులు. క్రొత్తగా నేర్చువారికి ధరించు చిన్న వస్తువులే తగినవి: బిడ్డకు టోపీ, మేజోళ్ళు, బాలికకు జడ పట్టీ, పెద్దవారికి మెడ పట్టీ, రవికె అంచు, చేతిసంచి. మంగళగిరి నూలు బట్టతో కుట్టిన రవికె చేతులకు రెండు వ్రేళ్ళ వెడల్పు లేసు అంచు వేసినచో దాని యందము వేఱు. మన తీరప్రాంతపు ఉక్కకు నూలు దారమే శ్రేష్ఠము. ఉన్ని దారము ధనుర్మాసపు తెల్లవారుజాములకు మాత్రమే పనికివచ్చును.

కుట్లు మూడు తెలిసినచో ఈ వస్తువులన్నియు అల్లవచ్చును. ఉచ్చులో నుండి దారమును లాగి మరల ఉచ్చు చేయుచు పోయినచో గొలుసు ఏర్పడును. సూదిని క్రింది కుట్టులో గ్రుచ్చి దారము లాగి, సూదిపై నిలిచిన రెండు ఉచ్చులలో నుండి ఒక్కమారు లాగినచో అది పొట్టి కుట్టు. గ్రుచ్చుటకు ముందే దారమును సూదికి ఒకమారు చుట్టి, పిమ్మట రెండేసి ఉచ్చుల చొప్పున రెండు మారులు లాగినచో అది నిలువు కుట్టు. మెడ పట్టీ మొదలిడిన వారికి అది పోను పోను సన్నగిల్లుట సామాన్యముగా జరుగును. వరుస తుది కుట్టును విడిచి త్రిప్పుటయే ఇందులకు కారణము. ప్రతి వరుసకు కుట్లు లెక్కించుకొన్నచో ఈ దోషము రాదు.

టోపీ అల్లుటలో గణితము దాగియున్నది. భాస్కరాచార్యుడు లీలావతిలో వృత్తపు చుట్టుకొలతకు, వ్యాసమునకు గల సంబంధమును వాడుక కొఱకు 22కు 7గా చెప్పినాడు. బిడ్డ తల చుట్టుకొలత 44 సెంటీమీటర్లనుకొందము. దానిని 7చే గుణించి 22చే భాగించిన 14 వచ్చును. అల్లిక సాగును గనుక అర సెంటీమీటరు తగ్గించి, పదమూడున్నర సెంటీమీటర్ల వెడల్పుగల గుండ్రని బిళ్ళ అల్లవలెను. అటుపిమ్మట కుట్లు పెంచక నిలువుగా దిగినచో టోపీ తయారగును.

ఆ బిళ్ళ చదునుగా నుండుటకు ప్రతి చుట్టునకు ఎన్ని కుట్లు పెంచవలెను? వృత్తము ఒక వరుస మేర పెరిగినపుడు చుట్టుకొలత ఆ వరుస ఎత్తునకు సుమారు 6 రెట్లు పెరుగును. పొట్టి కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానము. కావున చుట్టునకు 6 కుట్లు పెంచిన చాలును: 6, 12, 18, 24. నిలువు కుట్టు ఎత్తు దాని వెడల్పునకు దాదాపు రెట్టింపు. కావున 12 చొప్పున పెంచవలెను: 12, 24, 36, 48. తక్కువ పెంచినచో బిళ్ళ దొప్పవలె ముడుచుకొనును. ఎక్కువ పెంచినచో కుచ్చెళ్ళు పడును. అక్షరము రాని స్త్రీలు ఏ గ్రంథమును చూడకయే ఈ లెక్కను వ్రేళ్ళతో గ్రహించియున్నారు. దానిని పాండిత్యమనుటకు లోకము వెనుదీయుచున్నది.

పసిబిడ్డల విషయమున కొన్ని జాగ్రత్తలు తప్పవు. టోపీకి పొడుగాటి త్రాళ్ళు వ్రేలాడదీయరాదు. అవి మెడకు చుట్టుకొనును. పూసలు, బొత్తాములు కుట్టరాదు. ఊడినచో నోట బెట్టుకొందురు. మేజోళ్ళ లోపల దారపు కొసలు వదులుగా నుండరాదు. అవి లేత వ్రేలికి చుట్టుకొన్నచో నెత్తురు ఆడక వ్రేలికే మోసము వచ్చును. నిద్రబుచ్చునపుడు టోపీని తీసివేయవలెను.

ఇక అసలు విషయమునకు వత్తము. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1970వ దశకపు చివరి భాగమున నరసాపురము పరిసరములలో నివసించి లేసు అల్లు స్త్రీల బ్రతుకులను పరిశీలించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఆమె కనుగొన్నదేమి? ఇంటి చాకిరి పోగా దినమునకు ఆఱు మొదలు ఎనిమిది గంటలు అల్లిన స్త్రీకి వచ్చు కూలి, పొలములో కలుపు తీయు స్త్రీ కూలికన్నను చాల తక్కువ. దారము తెచ్చియిచ్చు మధ్యవర్తికి, ఎగుమతి వర్తకునకు లాభము మిగిలినది. అల్లిన స్త్రీని మాత్రము “ఇంట ఊరక కూర్చున్నది” అని లోకము చెప్పినది. అది తీరిక వేళల వినోదమని అనుకొన్నారే గాని శ్రమయని యెంచలేదు. శ్రమ యని పేరు లేనిదానికి కూలి అడుగుట యెట్లు? ఆ స్త్రీలకు జరిగిన నష్టమునకు మూలమిదియే.

ఈ విషయమున కౌటిల్యుని అర్థశాస్త్రము తల ఎత్తుకొని చూడదగినది. నూలుపనిని పర్యవేక్షించు సూత్రాధ్యక్షుని ధర్మములను చెప్పుచు, ఇల్లు వెడలని స్త్రీలకు, భర్త దేశాంతరమేగిన వారికి, విధవలకు, వికలాంగులకు, తమ పోషణము తాము చూచుకొనగోరు కన్యలకు దాసీల ద్వారా గౌరవముతో పని పంపవలెనని అతడు విధించినాడు. తెల్లవాఱుజామున నూలు తెచ్చిన స్త్రీ యొద్ద, దీపము నూలును పరీక్షించుటకే వాడవలెను. ఆమె ముఖము చూచినను, పనికి సంబంధింపని మాటలాడినను అధికారికి దండన. కూలి యిచ్చుటలో కాలము దాటించినచో అంతకన్న హెచ్చు దండన. రెండువేల యేండ్ల క్రిందటి శాస్త్రము ఇంట కూర్చుండి చేయు పనిని పని యనియే యెంచి, దాని కూలికి గడువు పెట్టినది. ఆ పాటి న్యాయము మనము పాటింపలేమా?

కావున అల్లు ప్రతి తల్లియు ఒక చిన్న పుస్తకమున లెక్క వ్రాసికొనవలెను. దారపు ఖరీదు, పట్టిన గంటలు, అమ్మిన వెల యని మూడు గడులు చాలును. ఉదాహరణమునకు, ఒక టోపీకి దారము 60 రూపాయలు, పని 5 గంటలు, అమ్మిన వెల 160 రూపాయలనుకొందము. దారము పోగా 100 మిగులును. గంటకు 20 రూపాయలు. “వంద మిగిలినది” అని సంతసించుటకు ముందు ఆ యిరువది రూపాయలను చూడవలెను. అది ఊరిలోని గంట కూలికి దిగువనున్నచో వెల పెంపవలెను, లేదా త్వరగా ముగియు వస్తువును ఎన్నుకొనవలెను. మధ్యవర్తి దారమిచ్చి పని చేయించుకొనునపుడు ఇచ్చిన దారపు తూకము, పుచ్చుకొన్న వస్తువుల సంఖ్య, కూలి యిచ్చు దినము కాగితముపై నుండవలెను. నోటిమాటపై నడచిన లెక్క బలహీనుని పక్షమున నిలువదు.

మనుమరాలికి అల్లిన టోపీకి, పెండ్లికూతురి రవికెకు వేసిన అంచునకు ఈ గడులు అక్కఱలేదు. ప్రేమకు పద్దు వ్రాయువారు లేరు. అయినను ఆ గంటలను ఎఱుగుట ఇంటివారికి మేలు. “అయిదు గంటలు కూర్చుండి అల్లినది” అని తెలిసిన మనుమరాలు దానిని నేలపై పాఱవేయదు.

ఈ విషయమున గ్రంథాలయము చేయదగిన పనులు కలవు. వారమునకు ఒక మధ్యాహ్నము పఠన మందిరమును స్త్రీలకు ప్రత్యేకింపవచ్చును. పూర్వము పురాణ కాలక్షేపములో ఒకరు చదువ పదుగురు వినెడివారు. అట్లే ఒకరు మంచి పుస్తకము చదువ, తక్కినవారు అల్లుచు వినవచ్చును. అల్లిక నమూనాలను చిన్న ముక్కలుగా అల్లించి, ఒక్కొక్కదాని ప్రక్కన కుట్ల లెక్క తెలుగున వ్రాసి, అట్టలపై కుట్టి పుస్తకముగా కూర్చవచ్చును. ఏ అంగడిలోను దొరకని ఆ గ్రంథమునకు కర్తలు ఈ యూరి స్త్రీలే యగుదురు. పేరు వ్రాసికొనుటకు కష్టపడు ముదుసలి యైనను, తాను అల్లిన ముక్క క్రింద తన పేరు చూచుకొన్ననాడు గ్రంథాలయమునకు నిజమైన సభ్యురాలగును.

అంగలకుదురు ఇండ్ల అరుగులపై ఏ తల్లియైన సూది పట్టి కూర్చున్నపుడు, ఆమెను “ఏమియు తోచక కూర్చున్నావా?” అని యడుగక, “ఎంతవరకు వచ్చినది, అమ్మా?” అని యడుగుడు. ఈ రజతోత్సవమున ఆ మాత్రము మాట మార్పును సభవారు అలవఱచుకొందురుగాక.

స్వస్తి.