పాఠం తయారుచేసేవాళ్ళ లెక్కలో మనం ఎక్కడ?



విద్యా సాంకేతికత మీద పరిశోధించేవాళ్ళ గురించి స్త్రీల సభలో మాట్లాడడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మహిళా సంఘాల శిక్షణ మొదలు ఆడపిల్లల పాఠాల దాకా అన్నీ ఫోను తెర మీదికి వస్తున్నాయి గనక మాట్లాడుతున్నాను. వీటిని రూపొందించేవారికి ఒక క్రమం ఉంది: అవసరాన్ని విశ్లేషిస్తారు, పాఠం రూపం గీస్తారు, తయారుచేస్తారు, అమలుచేస్తారు, చివరికి మదింపు చేస్తారు. నిర్దోషంగా కనిపించే ఈ క్రమం మధ్యలో ‘అభ్యాసకుడు’ అనే మనిషి కూర్చుని ఉంటాడు. అతనికి కులం లేదు, ఇంటిపని లేదు. సొంత ఫోను, కావలసినంత తీరిక మాత్రం ఉంటాయి. అతను మగవాడని ఎవరూ రాయరు, రాయనక్కరలేదు కూడా.

ఇతను కొత్తవాడేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా మన దేశంలో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, అంటే ‘సైట్’, జరిగింది. ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు తెలుగుతో సహా నాలుగు భాషల్లో కార్యక్రమాలు అందాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. టీవీ ఊరుమ్మడిది. సాయంత్రమంటే ఆడవాళ్ళకు పొయ్యి రాజేసే వేళ. పైగా ఆ పెట్టె ఉన్న చోటికి ఎవరు రావచ్చు, వస్తే ఎక్కడ కూర్చోవాలి అన్నది మన ఊళ్ళలో కులం ముందే తేల్చేసి ఉంటుంది. చూసేవాళ్ళలో స్త్రీలు తక్కువ. అయినా ఆ ప్రయోగాన్ని నేను తీసిపారెయ్యను. అప్పటి సామాజిక పరిశోధకుల్లో కొందరు ప్రశ్నావళి నింపుకుని వెళ్ళిపోకుండా నెలల తరబడి పల్లెల్లోనే ఉన్నారు. ఆరోగ్యం వంటి విషయాల్లో నిరక్షరాస్యులు, స్త్రీలు ఎక్కువ ప్రయోజనం పొందారని వారి మదింపులే చెప్పాయి. నా దృష్టిలో ఆ ఉపగ్రహం కంటే ఆ ఓపికే విలువైనది.

ఇప్పుడు ఎవరు ఎన్ని నిమిషాలు చూశారో యంత్రమే లెక్కగట్టి ఇస్తోంది. ఇక ఊరికి వెళ్ళాలన్న ఊహ ఎందుకు వస్తుంది? కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతమే. పురుషులు 49 శాతం దాకా ఉన్నారు. తాము వాడుకునే ఫోను తమ దగ్గర ఉన్న స్త్రీలు సగం మంది కూడా లేరు. అలాంటప్పుడు ‘పాఠం పూర్తయింది’ అని లెక్కలో కనబడేది ఇంట్లో ఎవరి వేలు? 2020లో బడులు మూతపడినప్పుడు ఒకే ఫోనున్న ఇళ్ళలో చెల్లెలి వంతు ఎప్పుడొచ్చిందో మీకు నేను చెప్పనక్కరలేదు.

పాఠ రూపకల్పన అంటే నాకు మొదట గుర్తొచ్చేది తెర కాదు, నెల్లూరు జిల్లా అక్షరాస్యతా వాచకం. 1991లో మొదలైన ఆ రాత్రిబడుల్లో ‘సీతమ్మ కథ’ చదివిన స్త్రీలు అక్షరాలు దిద్ది ఊరుకోలేదు. తాగొచ్చే మొగుళ్ళ గురించి, సారాకి పోయే కూలి డబ్బుల గురించి మాట్లాడుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఆ సంగతే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై తరువాతి వాచకంలోకి ఎక్కి జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాచకమే ఉద్యమాన్ని పుట్టించిందని నేననను, కోపం అంతకుముందే ఉంది. ఆ పాఠం చేసిందల్లా పదిమంది ఒకచోట కూర్చుని మాట్లాడుకునేటట్టు చెయ్యడం. ఏ బోధనా లక్ష్యాల పట్టికలోనైనా ‘సారా దుకాణం మూయించుట’ అని రాసుకుంటారా? చెవుల్లో తీగ పెట్టుకుని ఒక్కతే వినే పాఠంలో ఆ మాటల చోటు ఎక్కడుంటుంది? రూపకర్తలు దీన్ని సాంకేతిక లోపంగా చూడరు. సౌకర్యం అంటారు.

అందుకే, ప్రయోగానికి పాతిక మందిని పోగుచేసి పెట్టమని సంఘాలను అడిగే పరిశోధకులకు నా మాట ఒకటే: పాఠం తయారయ్యాక కాదు, అవసరాన్ని విశ్లేషించే రోజునే మమ్మల్ని పిలవండి. పనివేళలు మేం చెబుతాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. పిల్లల రక్షణ కోసం పెట్టిన నియమమే, కాదనను. కానీ బాల్యవివాహం పాఠం విన్న పదహారేళ్ళ పిల్ల ‘మా ఇంట్లో నాకు సంబంధం చూస్తున్నారు, ఏం చెయ్యాలి’ అని తెర మీద అడిగితే, ఆ ఫోను తండ్రిదైతే, ఆ ప్రశ్న ఎవరి కంట పడుతుంది? ఎంతకాలం ఉంటుంది? దీనికి జవాబు రాతలో ఇవ్వనివారిని మన పిల్లల దగ్గరికి పంపవద్దని ఈ సభ తీర్మానం చెయ్యాలని కోరుతున్నాను.