ఇద్దత్ నాలుగునెలలు, గడువు ఆరునెలలు
(చాంద్రాయణగుట్ట మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

ఈ చౌరస్తాలో లారీలు ఎట్లా పోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. లారీ తప్పువల్ల ఆటో డ్రైవరు చనిపోతే, ఆ లారీ బీమా నుంచి అతని భార్యకు నష్టపరిహారం రావాలి. అది దయ కాదు, 1988 మోటారు వాహనాల చట్టం ఇచ్చిన హక్కు. అయితే 2022 ఏప్రిల్ 1 నుంచి దరఖాస్తుకు ఆరునెలలే గడువు పెట్టారు. ఈ బస్తీల్లో భర్త పోయిన ముస్లిం స్త్రీలు చాలామంది నాలుగునెలల పదిరోజులు ఇద్దత్‌లో గడప దాటరు. ఇక మిగిలేదెంత? చట్టం రాసినవాళ్లకి ఈ లెక్క తట్టినట్టు లేదు.

గడువు దాటిందని దరఖాస్తులు కొట్టెయ్యొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అది మధ్యంతర ఉత్తర్వే. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. దరఖాస్తు ఇవ్వడానికి ఆమే రానక్కర్లేదు. అధికారపత్రం రాసిస్తే ఆమె తరఫున మరొకరు ట్రిబ్యునల్‌లో వెయ్యొచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు, లారీ నంబరు తీసుకుని మనమే ఆమె ఇంటికి వెళ్దాం.