జీవకణములోని బోయీలు

కాలి బొటనవ్రేలిని చీమ కుట్టినచో ఆ సంగతి తక్షణమే మనకు తెలియును. ఆ వార్తను తెచ్చు నాడీతంతువు వెన్నెముక చెంతనుండి పాదము వరకు సాగిన ఒకే జీవకణపు భాగము. దాని పొడవు ఇంచుమించు ఒక మీటరు. అయితే ఆ తంతువునకు కావలసిన మాంసకృత్తులలో అధికభాగము తయారగునది వెన్నెముక చెంతనున్న కణదేహమునందే. ఆ సరకు పాదమునకు ఎట్లు చేరును? నీటిలో సిరాచుక్క వలె తనంతట తాను వ్యాపించి చేరవలెనన్నచో మనుష్యుని ఆయుర్దాయము చాలదు. దానిని మోసికొనిపోవు బోయీలు కణములోనే కలరు. వారిని గురించియే ఈ పూట మేము ముచ్చటింపదలచినాము.

1985లో అమెరికాలోని ఉడ్స్ హోల్ అను సముద్రతీరపు ఊరిలో పనిచేసిన రొనాల్డ్ వేల్, థామస్ రీస్, మైకేల్ షీట్జ్ అను శాస్త్రజ్ఞులు, స్క్విడ్ అను సముద్రజీవి నాడులను పరిశోధించుచు ఒక మాంసకృత్తును వేరుచేసి, దానికి కైనెసిన్ అని పేరిడిరి.

నాడీతంతువు పొడవున సూక్ష్మనాళికలను బాటలు పరచియున్నవి. ఒక్కొక్క దాని వ్యాసము 25 నానోమీటర్లు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. కైనెసిన్‌కు ఒక ప్రక్క రెండు కొనలుండును. శాస్త్రజ్ఞులు వానిని శిరస్సులందురు గాని, అవి చేయు పని పాదములది. ఒకటి బాటను పట్టి నిలువగా, రెండవది వెనుకనుండి వచ్చి ముందు వాలును. మూట రెండవ ప్రక్కను తగిలియుండును. అడుగునకు 8 నానోమీటర్లు నడక. అడుగునకు ఒక ఏ.టి.పి. అణువు ఖర్చు. ఒక కైనెసిన్ సుమారు నూరడుగులు వేసి బాటను విడుచును. కాని మూటను పట్టినవి పెక్కు గనుక, పల్లకి బోయీలు భుజము మార్చుకొన్నట్లు, ఒకటి విడిచినను మరొకటి పట్టియుండును. ఈ రీతిని కొన్ని సరకులు దినమునకు 400 మిల్లీమీటర్ల వరకు సాగును. మీటరు దూరమునకు పండ్రెండున్నర కోట్ల అడుగులు! తిరుగు ప్రయాణపు సరకును డైనీన్ అను వేరొక మాంసకృత్తు మోయును.

ఏ.టి.పి. అనగానే ఒక తెలుగువారి పేరు మనకు స్ఫురింపవలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, 1929లో ఈ పదార్థమును కండరములనుండి వేరుచేసిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రముగా దానిని కనుగొనెను. వారు కండరములలో చూచిన ఇంధనమే నాడిలోని ఈ నడకకును ఆధారము.

మరి బాటయే చెడినచో? మన పెరళ్ళలో పూచు బిళ్ళగన్నేరునుండి తీయు విన్‌క్రిస్టిన్ అను మందు, పిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరు చికిత్సలో ముఖ్యమైనది. కణము రెండుగా చీలుటకు సూక్ష్మనాళికలే సాధనములు; మందు వానిని కూలద్రోయగా క్యాన్సరు కణము చీలజాలదు. కాని నాడిలోని బాటలును ఆ మందునకు లోబడినవే. అందుచే మందు పుచ్చుకొను కొందరికి తిమ్మిరి ముందుగా వ్రేళ్ళకొనలలో ఆరంభమగును. దారి తెగినపుడు సరకు ముందుగా అందనిది చివరి ఊరికే గదా!

కావున చికిత్సలోనున్న బిడ్డ కాలు మొద్దుబారినదని చెప్పినచో, నీరసమేనని త్రోసిపుచ్చరాదు. భయపడి మందును మనంతట మనము మాన్పించనూ రాదు. మోతాదును సవరించుట వైద్యుని వంతు. బిడ్డ చెప్పిన మాటను వెంటనే ఆయన చెవిని వేయుట మన వంతు.