కుంజుమ్ దారిలో మన పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

హిమాచల్‌ప్రదేశ్‌లో గ్రాంఫూ నుంచి బాతల్ మీదుగా కుంజుమ్ కనుమకు వెళ్లే దారి గురించి రెండు మాటలు చెబుతాను. ఆ కనుమ ఎత్తు 4,500 మీటర్లకు పైమాటే. మేం వెళ్లినప్పుడు చంద్రా నది వెంట చాలా దూరం తారు లేదు, అన్నీ గుండ్రాళ్లే.

అక్కడి వాగులకు ఒక లెక్క ఉంది. రాత్రి చలికి మంచు కరగడం తగ్గి, తెల్లారేసరికి నీరు తీస్తుంది. మధ్యాహ్నం ఎండకు అదే వాగు పోటెత్తుతుంది. మా బ్యాచ్ వాళ్లం నలుగురం ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో సాయంత్రం నాలుగింటికి ఒక వాగు దగ్గరికి చేరాం. ఒకడికి ఇంటికెళ్లే తొందర. "నాలుగు చక్రాలూ లాగుతాయి కదరా, పోనీయ్" అన్నాడు. లాగుతాయి, నిజమే. ప్రవాహం బండిని పక్కకు నెడితే మాత్రం ఏ చక్రానికీ పట్టుండదు. ఆగిపోయాం. పొద్దున ఆరింటికి కర్రతో లోతు చూసి, లో రేంజ్ వేసి, మధ్యలో గేరు మార్చకుండా నిదానంగా దాటాం.

దిగుడులోనూ అంతే. బ్రేకు తొక్కుతూనే ఉంటే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని నిలదొక్కుకుంటూ దింపుతుంది. ఘర్షణకు వేడి పుడుతుందని ఎనిమిదో తరగతిలో మా చేత అరచేతులు రుద్దించి చూపిన మాస్టారు ఈ ముందు వరుసలోనే కూర్చున్నారు. మాస్టారూ, ఆ కొండ దిగుతున్నంతసేపూ మీ పాఠమే మమ్మల్ని కాచింది. సెలవు.