ఐదవ శీలం – హెరాయిన్ వ్యసనానికి ఔషధం

 

పంచశీల స్వీకరించిన ఇంట ఒక బిడ్డ హెరాయిన్‌కు లోబడితే తల్లిదండ్రులకు ఒక సందేహం కలుగుతుంది. వైద్యుడిచ్చే బ్యూప్రెనార్ఫిన్ మాత్ర కూడా నల్లమందు జాతిదే కదా, అది వాడితే ఐదవ శీలానికి భంగం కాదా? ఈ సందేహంతో చికిత్సను మధ్యలో మాన్పిస్తే బిడ్డ ప్రాణానికే ముప్పు. అందుచేత దీనిని జాగ్రత్తగా విచారించాలి.

2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 2.26 కోట్ల మంది నల్లమందు, హెరాయిన్ వంటి పదార్థాలను వాడుతున్నారు. వారిలో దాదాపు 77 లక్షల మందికి సహాయం అవసరం.

హెరాయిన్‌కు అలవాటుపడిన శరీరానికి అది అందకపోతే ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి కలుగుతాయి. కొన్ని రోజులలో ఈ బాధలు తగ్గుతాయి. తృష్ణ మాత్రం తగ్గదు. అందుకే కేవలం మాన్పించి ఇంటికి పంపినవారిలో చాలామంది మళ్లీ మొదలుపెడతారు. అప్పటికి శరీరం తట్టుకొనే శక్తిని కోల్పోయి ఉంటుంది కనుక పాత మోతాదే ఊపిరిని ఆపివేయగలదు. బ్యూప్రెనార్ఫిన్ మెదడులో హెరాయిన్ చేరే చోటునే ఆక్రమించి, పరిమితంగా పనిచేస్తూ ఎక్కువసేపు నిలుస్తుంది. సరైన మోతాదులో తృష్ణ శాంతిస్తుంది. మనిషి మత్తులో మునగక పనికి వెళ్లగలుగుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీనిని, మెథడోన్‌ను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

ఇక వినయం ఏమంటున్నదో చూద్దాం. మహావగ్గలోని భేషజ్జ ఖంధకంలో పిలిందవచ్ఛ థేరుని వృత్తాంతం ఉన్నది. ఆయన వాతరోగానికి వైద్యులు కాచిన నూనె సూచించారు. అందులో మద్యం కలపవలసి వచ్చింది. భగవానుడు అనుమతించారు. కొందరు భిక్షువులు మద్యం ఎక్కువగా కలిపి తాగి మత్తెక్కినప్పుడు, దాని రంగు, వాసన, రుచి తెలియనంత మాత్రమే కలపాలని నియమించారు. రోగశాంతికి కొలతతో తీసుకొన్నది ఔషధం. మత్తుకోసం తీసుకొన్నది ప్రమాదం. ఐదవ శీలం వారించేది ఈ రెండవదానినే.

కావున మిత్రులారా, మాత్రను వైద్యుని పర్యవేక్షణలోనే వాడించండి; వైద్యుడు చెప్పకుండా ఆపించకండి. నెలలు, సంవత్సరాలు పట్టినా ఓర్పు వహించండి. మళ్లీ జారిపడితే నిందించక, తిరిగి చికిత్సకు తీసుకొని వెళ్లండి. దారి తెలియనివారు 14446 జాతీయ సహాయవాణికి ఫోను చేయవచ్చు. విహారంలో అతనికి మనతో సమానంగా ఆసనం ఇవ్వండి. రోగికి చేసే సేవ తనకు చేసినట్లేనని తథాగతుడు బోధించిన మార్గం మనది.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.